ఓబుళమ్మను విడిపించడానికి ఒమన్ వెళ్లాం

మా కడప జిల్లాలో మస్కట్ అనే పేరు విదేశం పేరులా వినిపించదు. ఫలానా ఆమె ఎక్కడుందని అడిగితే, ప్రొద్దుటూరులో ఉందన్నంత మామూలుగా "మస్కట్‌లో ఉంది" అంటారు. అలా వినీ వినీ నాకు ఆ ఊరు తెలిసినట్టే ఉండేది. చూడటం మాత్రం పోయిన నవంబరులోనే. నేను హైస్కూల్లో హిందీ టీచర్ని. తిరిగొచ్చిన దగ్గర్నుంచి మా స్టాఫ్ రూములో ఇదే కథ చెబుతున్నాను. ఎవరో ఒకరు మధ్యలో గంట కొట్టి పాడు చేస్తున్నారు కాబట్టి, అడ్డం రాకుండా మొదటినుంచి చివరిదాకా ఇక్కడ చెప్పేస్తాను.

నన్ను తీసుకెళ్లింది సుభద్ర. డిగ్రీలో నా పక్కన కూర్చునేది. ఇప్పుడు పార్లమెంటు సభ్యురాలు, ప్రతిపక్షంలో. "ప్రతిపక్షంలో ఉండి ఏం చేస్తావే?" అని నేను ఏడిపిస్తే, "అడుగుతా పద్మా, ఇంకేం చేస్తా" అంటుంది. నిజమే. రోడ్డు వేయించమని ఆజ్ఞాపించే పదవి కాదు ఆమెది. సోమవారం పొద్దున ఇంటి ముందు పందిట్లో జనాన్ని కూర్చోబెట్టుకుని వాళ్ల కష్టాలు వింటుంది. వాటిని ఢిల్లీ తీసుకెళ్లి అడుగుతుంది.

ఆ పందిట్లోకే వర్షాకాల సమావేశాల ముందు సుబ్బరాయుడనే రైతు వచ్చాడు. చెల్లెలు ఓబుళమ్మ భర్త పోయాక ఒమన్ వెళ్లి, సూర్ అనే ఊళ్లో ఒకరింట్లో పని చేస్తోంది. నెలల తరబడి ఆమె నుంచి ఫోన్ లేదు. "తిండి పెట్టడంల్యాంటమ్మా, కొడతాండారంట. నా చెల్లెల్ని తెప్పించండి" అని పందిట్లోనే కూలబడి ఏడ్చాడు. సుభద్ర మనసు కరిగిపోయింది. సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తడానికి జీరో అవర్ అని ఒక సమయం ఉంటుంది. ఆ సమయంలో లేచి, ఓబుళమ్మ పేరు చెప్పి, ప్రభుత్వం నిద్రపోతోందా అని నిలదీసింది. ఆ వీడియో చూడని మనిషి మా జిల్లాలో లేడు.

కొన్నాళ్లకు ప్రభుత్వం జవాబిచ్చింది. విచారించామనీ, ఆమె క్షేమంగా ఉందనీ, తిరిగి వచ్చే ఉద్దేశం ఆమెకు లేదనీ.

"పచ్చి అబద్ధం" అంది సుభద్ర. "గదిలో కూర్చుని రాసిచ్చినారు. నేనే పోయి ఆమెను చూసి, శీతాకాల సమావేశాల్లో వీళ్ల సంగతి తేలుస్తా."

అప్పుడే మస్కట్‌లోని తెలుగువాళ్లు కార్తీక వనభోజనాలకు ఆమెను పిలిచారు. "అక్కడ హిందీ అందరికీ అర్థమవుతుందంట. నా హిందీ నీకు తెలుసు గదా, పద" అని నన్ను బయల్దేరదీసింది. జన్మలో విమానం ఎక్కని దాన్ని, ఒక ఆడమనిషిని చెర నుంచి విడిపించడానికి సముద్రం దాటుతున్నాను! కిటికీ పక్క సీటు ఇచ్చారని పొంగిపోయి, దారంతా ఆ అద్దానికే అతుక్కుని కూర్చున్నాను.

అల్ హైల్‌లో శుక్రవారం

పైనుంచి మస్కట్ కొండలు చూస్తే మా పాలకొండలు గుర్తొచ్చాయి. మా కొండల మీద ఎంత కరువులోనైనా నాలుగు తుప్పలుంటాయి. ఇక్కడ గడ్డిపోచ లేదు. గోధుమ రంగు రాళ్లు, వాటి కింద తెల్లటి ఇళ్లు, ఆ ఇళ్లను ఆనుకుని నీలం సముద్రం.

విమానాశ్రయం బయట, మమ్మల్ని పిలిచినవాళ్లు పంపిన రాజన్న ఎదురుచూస్తున్నాడు. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. కట్టడాల కంపెనీలో డ్రైవరు. మాకోసం సెలవు పెట్టి, స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. ఎక్కబోతూ తలుపు మీద దుమ్ముంటే ఊరికే వేలితో గీత గీశాను.

"అయ్యో టీచరమ్మా, నిన్ననే కడిగిన!" అని జేబులోంచి గుడ్డ తీసి గబగబా తుడిచాడు. "గీడ బండి మురికిగుంటె పోలీసోళ్లు ఫైన్ ఏస్తరు."

"ఈ చట్టం మా ఊళ్లో పెడితే ఒక్క బస్సు డిపో దాటదు" అంది సుభద్ర.

వాళ్ల జాతీయ దినోత్సవం దగ్గరపడింది. రోడ్డు పొడవునా ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ జెండాలు, దీపాలు. మమ్మల్ని చూసే పెట్టారేమో అన్నంత సంబరంగా ఉంది నాకు.

వనభోజనాలు ఒక పార్కులో. పిలిచిన పెద్దమనిషి రెండు చేతులూ జోడించి, "మేడమ్, నాలుగు మాటలు మాట్లాడండి. రాజకీయం మాత్రం వద్దు. ఇది మన దేశం కాదు" అన్నాడు. సుభద్ర లేచి నిలబడి, ఆ రోజు వండిన గుత్తివంకాయ గురించి మాత్రమే మాట్లాడి కూర్చుంది. ఎన్నికల్లో ఆమె ఉపన్యాసాలు చాలా విన్నాను. దేనికీ అన్ని చప్పట్లు పడలేదు.

అక్కణ్నుంచి అల్ హైల్‌లోని కూలీల గదులకు తీసుకెళ్లాడు రాజన్న. మధ్యలో ఒక చిన్న హోటల్ దగ్గర ఆపాడు. అక్కడ వాటిని కఫెటేరియా అంటారు. కారు దిగనక్కర్లేదు, హారన్ కొడితే మనిషే వస్తాడు. పరోటాలో కారం చిప్సు నలిపి, క్రీమ్ రాసి, చుట్టి ఇస్తారు. వినడానికి పిల్లల చేష్టలా ఉంటుంది. తిన్నాక ఇంకోటి తెమ్మన్నాను. మరిగించిన పాల టీ వంద బైసలు, మన లెక్కలో ఇరవై రూపాయల పైన. కప్పు మాత్రం మన టీ కొట్టువాటికి రెండింతలు.

గది గుమ్మం ముందు చెప్పుల గుట్ట. లోపల ఒకదాని మీద ఒకటి మంచాలు, మూలన బియ్యం కుక్కరు, గోడకు ఆంజనేయస్వామి పటం. శుక్రవారం సెలవు కదా, అందరూ గడ్డాలు గీసుకుని, ఉతికిన చొక్కాలేసుకుని కూర్చున్నారు. నిర్మల్, జగిత్యాల వైపు వాళ్లు. వాళ్లలో పెద్దవాడొకాయన సూటిగా అడిగాడు.

"మేడమ్, మీరు సర్కారుల ఉన్నరా?"

"లేనన్నా. ప్రతిపక్షం."

"అయితె మీతోని ఏమైతది?"

రాజన్న ఇబ్బందిగా కదిలాడు. సుభద్రకు కోపం రాలేదు.

"కొంచెమే అవుతాది. మీరు చెప్పింది తీసుకపోయి అక్కడ అడుగుతా. అడిగితే వాళ్లు జవాబు చెప్పాల."

"గంతేనా?"

"అంతేనన్నా."

ఆయన తలూపాడు. "సరె, గంతన్న చెయ్యున్రి. మా ఊరోడు మల్లేశు బహ్లాల పడి ఉన్నడు. చెయ్యి ఇరిగింది. దవాఖానకు పోరాదు, ఇంటికి పోరాదు. ఆన్ని జూసి రాండ్రి."

బహ్లా

మర్నాడు బహ్లా. తీరం వదిలి కొండల మధ్యకు పోయేకొద్దీ ఒక్కసారిగా ఖర్జూరపు తోటలు. ఊరి మధ్య మట్టితో కట్టిన కోట ఉంది. మా గండికోట రాతి గోడలు చూసి పెరిగిన కళ్లకు, మట్టితో అంత ఎత్తు లేపారంటే నమ్మబుద్ధి కాలేదు. దగ్గరకెళ్లి అరచెయ్యి ఆనించి చూశాను. వెచ్చగా ఉంది. తోటల్లోకి సన్నటి కాలువల్లో నీళ్లు పారుతున్నాయి. ఎవరి తోటకు ఎంతసేపో వంతులుంటాయట. మా దగ్గర వంతు నీళ్ల కోసం తలలు పగిలేవి. ఇక్కడ ఒక ముసలాయన కాలువ గట్టున కూర్చుని తన వంతు కోసం చూస్తూ తీరిగ్గా ఖర్జూరాలు తింటున్నాడు. మాకూ తలో గుప్పెడు పెట్టాడు.

"గీ ఊర్ల మంత్రగాళ్లుంటరని గీళ్ల నమ్మకం. పైలం టీచరమ్మా" అన్నాడు రాజన్న. ఖర్జూరాలు అప్పటికే మింగేశాను.

మల్లేశు ఊరి చివర, సగం కట్టి వదిలేసిన ఇంటి పక్కన రేకుల గదిలో ఉన్నాడు. అతనితో మరికొందరు మేస్త్రీలు. వాళ్లను తెచ్చిన కంపెనీ మూతపడింది. యజమాని పత్తా లేడు. అక్కడ ప్రతి పనివాడికీ బతాకా అని గుర్తింపు కార్డు ఉంటుంది. దాన్ని కొత్తది చేయించాల్సింది కంపెనీయే. కార్డుల గడువు తీరిపోయింది. బయట కనబడితే పట్టుకుంటారని భయం. ఆ భయంలో ఉండగానే, చాటుగా దొరికిన పనికి వెళ్లి మల్లేశు పరంజా మీదనుంచి పడ్డాడు. తోటి వాళ్లే చెక్క ముక్కలు పెట్టి కట్టు కట్టారు. ఎముక వంకరగా అతుక్కుంది. పక్క తోట ఆయన రోజూ మజ్జిగ, రొట్టె పంపిస్తున్నాడట.

సుభద్ర అతని ఎదురుగా నేల మీద కూర్చుని అంతా విన్నది. అతను చివర్లో, "మేడమ్, పార్లమెంటుల నా పేరు చెప్తరా?" అని అడిగాడు.

"చెప్పమంటావా?"

"చెప్పున్రి. గని ఇరిగింది ఎడమ చెయ్యని చెప్పున్రి. ఉత్తగ చెయ్యంటె మా ఇంటామె కుడిదనుకుంటది. అన్నం ఎట్ల తింటున్నడో అని ఏడుస్తది."

కారెక్కాక సుభద్ర ముఖం వెలిగిపోతోంది. బాధ, కోపం, ఉత్సాహం మూడూ కలిసి ఉన్నాయి అందులో. "ఇది ఒకటి. రేపు ఓబుళమ్మ కూడా కళ్లబడిందంటే, పద్మా, ఈసారి వాళ్లు తప్పించుకోలేరు" అంది. నాకూ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

సూర్ దారిలో నా చీర

సూర్‌కు పోయే రోడ్డుకు ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. దారిలో నేల కుంగి ఏర్పడిన పెద్ద గుంట ఒకటుంది. అడుగున పచ్చటి నీళ్లు. మెట్లు దిగి నీళ్లలో కాళ్లు పెడితే చిన్న చేపలు వచ్చి వేళ్లు కొరుకుతాయి. చక్కిలిగింతలకు తట్టుకోలేక నేను కెవ్వున అరిచి లేవబోయి, రాయి మీద జారి, కట్టుకున్న గద్వాల చీరతో సహా నీళ్లలో కూర్చున్నాను. ఎవరో విదేశీ దంపతులు చెయ్యందించారు. సుభద్ర సాయం చేయడం మానేసి నవ్వుతోంది.

తడి చీరతో ఖైదీని ఏం విడిపిస్తాం! సూర్‌లో మొదట కనబడిన బట్టల కొట్టులో నాకు సరిపోయింది ఒక్కటే, అక్కడి ఆడవాళ్లు వేసుకునే పొడవాటి నల్ల అబాయా. తల మీద చున్నీ కప్పుకుని అద్దంలో చూసుకుంటే నన్ను నేనే గుర్తుపట్టలేదు. "మేడమ్ పక్కన సెక్యూరిటీ లెక్కున్నరు" అన్నాడు రాజన్న.

సూర్

ఊరు అందంగా ఉంది. ఒడ్డున చెక్కతో పెద్ద పెద్ద పడవలు కట్టే చోటు, నీటికి అవతల తెల్లటి దీపస్తంభం, గాలి నిండా ఉప్పు, ఎండుచేప వాసన. సుబ్బరాయుడు చెప్పిన చిరునామా ఊరి పేరు దాటలేదు. కొట్టు కొట్టుకూ అడుగుతూ పోతే, ఒక మలయాళీ పచారీ కొట్టాయన "ఓబుళా? వారం వారం వస్తుంది, కరివేపాకు, రాగి పిండి తీసుకుపోతుంది" అని హిందీలో చెప్పాడు.

నేనూ సుభద్రా ముఖాలు చూసుకున్నాం. చెరలో ఉన్న మనిషి వారం వారం బజారుకు వస్తుందా? "వెనక కాపలా మనిషి ఉంటాడేమో" అంది సుభద్ర. కొట్టాయన మాత్రం, ఒక్కతే వస్తుందని, బేరం బాగా ఆడుతుందని చెప్పి ఇల్లు చూపించాడు.

గేటు తీసిన మనిషి నడుము దగ్గర తాళాల గుత్తి ఉంది. నలభై దాటిన ఆడమనిషి, నిండైన విగ్రహం, చేతులకు పిండి. నన్ను చూసి మర్యాదగా అరబ్బీలో ఏదో పలకరించింది. నేను తెల్లబోయి, "మేము కడప నుంచి వచ్చినామమ్మా. ఓబుళమ్మ ఉందా?" అన్నాను.

ఆమె కళ్లు నన్ను దాటి సుభద్ర మీద ఆగాయి. ముఖం గట్టిపడింది.

"నువ్వేనా ఆ మేడమ్‌వి?"

అంతే. రమ్మనలేదు. గేటు రెక్క పట్టుకుని అలాగే నిలబడింది. లోపల్నుంచి ఒక ముసలి గొంతు అరబ్బీలో ఎవరొచ్చారని అడిగింది. ఓబుళమ్మ ఏదో జవాబు చెప్పింది. ఆ గొంతు ఈసారి కాస్త పెద్దగా వినిపించింది.

"మామా లోపలికి రమ్మంటాంది. ఈళ్లలో వాకిట్లోంచి మనిషిని పంపరు. రాండి" అంది ఓబుళమ్మ. ఇంటి యజమానురాలిని అక్కడ పనిచేసేవాళ్లు మామా అంటారు.

రాజన్నను ఇంటాయన మగవాళ్ల గదిలోకి తీసుకెళ్లాడు. మేమిద్దరం ముసలావిడ దగ్గరకు. కాళ్లు నడవలేవు, దిండ్లకు ఆనుకుని కూర్చుంది. నుదురు, చేతులు ముట్టుకుని చాలాసేపు క్షేమాలు అడిగింది. ముందు ఖర్జూరాలు, జిగురు జిగురుగా యాలకుల వాసన వేసే హల్వా, తర్వాత కాఫీ. కాఫీ అంటే మనది కాదు. పాలు, చక్కెర ఉండవు. యాలకులు వేసిన చేదు నీళ్లు, పిడి లేని బుల్లి కప్పులో. ఓబుళమ్మ నిలబడి పోస్తోంది. మేం తాగగానే మళ్లీ పోస్తుంది. వద్దంటే ఇంటివాళ్లు ఏమనుకుంటారో అని మళ్లీ తాగుతాం. మళ్లీ పోస్తుంది. ఒక్క మాట లేదు. సుభద్రకు చెమటలు పడుతున్నాయి. చివరికి ముసలావిడకు జాలేసి, తన ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి చూపించింది. చాలనడానికి గుర్తు అదట. ఓబుళమ్మకు తెలియక కాదు. కావాలనే చెప్పలేదు!

కెటిల్ కింద పెట్టి, అప్పుడు నోరు తెరిచింది.

"నేను తిండి ల్యాక చచ్చిపోతాండానని చెప్పినావంటనే? చూడు, ఎట్లుండానో."

"మీయన్న వచ్చి ఏడ్చినాడమ్మా..."

"మాయన్న ఏడ్చె, నువ్వు చెప్పితివి. నన్నెవురన్నా అడిగినారా?"

ఓబుళమ్మ చాప మీద కూర్చుంది. గొంతు తగ్గించింది గాని వేడి తగ్గలేదు.

"నా బిడ్డ రేణుక తిరపతిలో నర్సింగు చదవతాంది. ఇంగ ఒక్క ఏడాది. మాయన్న వాని కొడుక్కి ఇయ్యమంటాడు. చదువు కానీ, తర్వాత దాని ఇష్టం అంటి. ఇనల్యా. దినామూ ఫోన్ జేసి సంపతాంటే వాని నంబరు బ్లాక్ జేసినా. వాని ఒక్కనిదే. బిడ్డతో రోజూ మాట్లాడతాండ. పాస్‌పోర్టు నా పెట్టెలోనే ఉంది. ఇంటికి రావాలంటే నేనే వస్తా, నువ్వెవురు తెప్పించను?"

"నాకు తెలియదమ్మా."

"తెలీకుంటే అరిచేదా? నువ్వు మాట్లాడినాక ఇంటికి ఆఫీసరోళ్లు వచ్చిరి. ఈ ఇంటాయన నన్ను పంపిచ్చేస్తానన్యాడు. మామా అడ్డం పడి ఆపె. ఆడ నా బిడ్డను హాస్టల్లో పిల్లోళ్లంతా మీయమ్మకు తిండి పెట్టరంట గదా అని అడిగిరి. మాయన్నకు బలమొచ్చె. 'మీయమ్మ ఇంగ రాదు, పార్లమెంటులోనే చెప్పినారు, నీకు దిక్కెవురు' అని పిల్లని తీస్కపోను వచ్చినాడు. వచ్చే నెల తాంబూలాలంట."

సుభద్ర చేతిలో కప్పు కింద పెట్టేసింది. మొదటిసారి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయిన రోజు కూడా ఆమె ముఖం అలా చూడలేదు నేను.

"మా ఇల్లు బాగుందని అందరిండ్లూ బాగుండాయని అనుకోగాకండి" అంది ఓబుళమ్మ. "ముందు మస్కట్‌లో ఒకరింట్లో చేసినా. ఆడ నిజంగానే కడుపుకు పెట్టల్యా. ఏడ్చి, కొట్లాడి, నేనే ఎంబసీకి పోయి బయటపడినా. నువ్వు చెప్పిందంతా అప్పటి సంగతి. అప్పుడు ఎవురూ అడగల్యా."

ముసలావిడ మా ముఖాలు చూసి ఏం జరుగుతోందని అడిగింది. ఓబుళమ్మ నవ్వుతూ ఏదో చెప్పింది. ముసలావిడ సంతోషంగా తలూపి మా వైపు చేతులు చాచింది.

"ఏం చెప్పినావమ్మా?" అన్నాను.

"మా ఊరోళ్లు, నా మంచిచెడ్డలు కనుక్కోను ఇంత దూరం వచ్చినారని చెప్పినా. ఇంగేం చెప్పేది?"

భోజనం చేయకుండా వదల్లేదు. పెద్ద పళ్లెంలో అన్నం, దాని మీద వంజరం చేప ముక్కలు, ఎండు నిమ్మకాయ పులుపు. పక్కన ఓబుళమ్మ చేసిన రాగి సంగటి, పచ్చిమిరపకాయల ఊరిబిండి పచ్చడి! అరబ్బు దేశంలో సముద్రం ఒడ్డున కూర్చుని సంగటి ముద్ద తిన్నాను. ముసలావిడ కూడా చిన్న ముద్ద తీసుకుని, ఊరిబిండికి కళ్లు తుడుచుకుంటూ తిన్నది.

వచ్చేటప్పుడు గేటు దగ్గర సుభద్ర ఆమె చేతులు పట్టుకుంది. "తప్పయిందమ్మా."

"నాకు చెప్తే ఏం లాభమక్కా. యాడ చెప్పినావో ఆడ చెప్పు."

మళ్లీ మస్కట్

చీకటి పడకముందే వెనక్కి బయల్దేరాం. నేను సుభద్రకు నచ్చజెప్పబోయాను. "ఊరుకో. ఎవరూ మళ్లీ ఎత్తరు. నువ్వే లేచి తప్పన్నావంటే పరువు పోతుంది. మీ పార్టీవాళ్లే బతకనివ్వరు" అన్నాను. రాజన్న కూడా అద్దంలోంచి చూస్తూ, "గామె ముచ్చట తప్పైందంటె మా మల్లేశుది గూడ నమ్మరేమో మేడమ్. ఆని పని ఖరాబైతది" అన్నాడు. ఆయన గొంతులో నిజంగా భయం ఉంది.

సుభద్ర ముందుకు వంగి, "మల్లేశు గురించి నేను చెప్పేది నమ్మాలంటే ముందు ఇది చెప్పాల రాజన్నా. లేకుంటే వాళ్లే బయటపెడతారు. అప్పుడు మల్లేశు నిజంగానే మునుగుతాడు" అంది.

మా ఊరు, ఢిల్లీ, మళ్లీ ఊరు

ఇంటికొచ్చిన మర్నాడే ఓబుళమ్మ ఊరికి వెళ్లాం. సుబ్బరాయుడు ఎదురొచ్చి దండం పెట్టాడు. చెల్లెలు చెప్పిందంతా సుభద్ర చెప్పింది. "తాంబూలాలు ఆపు. ఆ పిల్ల చదువుకోనీ" అంది.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మా చెల్లెలు కష్టాల్లో ఉందని చెప్పింది మీరే గదమ్మా. దేశమంతా ఇన్యారు. ఇప్పుడు మా అరుగు మీద కూర్చోని కాదంటే ఎట్ల? ఆ మాట పార్లమెంటులో చెప్పండి, అప్పుడు చూస్తా."

చెల్లెలు, అన్న, ఇద్దరిదీ ఒకటే మాట అయింది.

శీతాకాల సమావేశాల్లో ఆమెకు మాట్లాడే అవకాశం వెంటనే రాలేదు. తాంబూలాల రోజు దగ్గరపడుతోంది. రేణుక హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "మేడమ్, ఎప్పుడు మాట్లాడతారు?" అని రోజూ అడిగేది. చివరికి ఒక మధ్యాహ్నం సుభద్ర పేరు పిలిచారు. నేను ఎనిమిదో తరగతి పిల్లలకు చదువుకోమని చెప్పి, ఫోన్ ముందు కూర్చున్నాను.

సుభద్ర తెలుగులోనే మాట్లాడింది. ఓబుళమ్మను అడగకుండా ఓబుళమ్మ గురించి చెప్పాననీ, అది తప్పనీ, ప్రభుత్వం ఇచ్చిన జవాబే నిజమనీ, సూర్ వెళ్లి కళ్లారా చూశాననీ చెప్పింది. అధికారపక్షం బల్లలు చరిచింది. ఎవరో పగలబడి నవ్వారు. ఆమె వెనక కూర్చున్న సొంత పార్టీ సభ్యుడు తల పట్టుకున్నాడు. ఆమె ఆగలేదు. "బహ్లాలో మల్లేశు అనే మేస్త్రీని కూడా చూశాను. ఎడమ చెయ్యి విరిగింది..." అని మొదలుపెట్టి, కార్డులు లేక ఆగిపోయిన వాళ్ల సంగతి చెబుతుండగానే సమయం అయిపోయిందని ఆపేశారు.

ఆ రోజు పార్టీలో ఆమెకు గట్టిగానే పడింది. సాయంత్రం నడవలో విదేశాంగ మంత్రిగారు ఎదురై, "మీ మాటలు వింటే అనుమానించే వాణ్ని. ఇవాళ అనుమానించలేకపోయాను. ఆ బహ్లా వాళ్ల వివరాలివ్వండి" అన్నారట. ఫోన్‌లో అది చెబుతూ సుభద్ర చిన్నపిల్లలా అరిచింది. మల్లేశు ఆ తర్వాత ఆసుపత్రిలో చేరాడు, ఇంటికీ చేరాడు. చెయ్యి పూర్తిగా సరికాలేదు. అతనితో ఉన్నవాళ్లలో ఇద్దరి పని ఇంకా తేలలేదు. సుభద్ర ఇంకా అడుగుతూనే ఉంది.

ఓబుళమ్మ నుంచి మాత్రం, సుభద్ర సభలో మాట్లాడిన మర్నాడు, నాకొక వాయిస్ మెసేజ్ వచ్చింది. మెచ్చుకుంటుందనుకుని, వినకుండా దాచి, సుభద్ర ఢిల్లీ నుంచి రాగానే వినిపించాను.

"టీచరమ్మా, అక్క మాట్లాడింది చూసినా. తప్పు చెప్పేటప్పుడు గొంతు చించుకున్యాది. ఒప్పు చెప్పేటప్పుడు అంత మెల్లగ చెప్పితే ఎవురికి ఇనపడతాది? మా ఊర్లో ఆ పాత వీడియోనే చూస్తాండారు. కొత్తది ఎవురూ చూడల్యా."

సుభద్ర మొదట నొచ్చుకుంది. తర్వాత మెసేజ్ ఇంకోసారి పెట్టమంది. విని, చెప్పులేసుకుంది.

తాంబూలాలకు ముందు ఆదివారం, ఓబుళమ్మ ఊరి మధ్య రచ్చబండ దగ్గర, ఎన్నికలప్పుడు వాడే మైకు సెట్టు కట్టించింది. జనం పోగయ్యారు. తిరుపతి నుంచి రేణుక వచ్చింది. సుబ్బరాయుడు తన ఇంటి అరుగు మీదే నిలబడి చూస్తున్నాడు. నేను సూర్‌కు వీడియో కాల్ కలిపి ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. తెర మీద ఓబుళమ్మ, ఆమె పక్కన ముసలావిడ.

సుభద్ర మైకు అందుకుంది. ఊరవతలి కయ్యల్లో పని చేసుకునే వాళ్లు కూడా తలెత్తి చూసేంత గొంతుతో చెప్పింది. ఓబుళమ్మ దిక్కులేనిది కాదని చెప్పింది. తాను అడగకుండా అన్న మాట తప్పని చెప్పింది. ఆ పిల్ల చదువు ఆపితే ఊరుకోనని చెప్పింది. జనం తిరిగి సుబ్బరాయుడి వైపు చూశారు. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ తాంబూలాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రేణుక పరీక్షలకు చదువుకుంటోంది.

నేను ఫోన్ దించి, సుభద్ర వైపు తిప్పి, "ఎట్లుందమ్మా?" అని అడిగాను.

ఓబుళమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇప్పుడు ఇనపడింది, అక్కా" అంది.